రోజా నోటిలో శెనక్కాయ

మా అత్తకు మనుషుల మీద నమ్మకం బాగానే ఉండేది. విత్తనం కాయలు ఒలిచే మనుషుల మీద మాత్రం బొత్తిగా ఉండేది కాదు. నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లిన తొలి వేసవిలోనే నాకా సంగతి తెలిసిపోయింది.

ఊరు పావగడ తాలూకాలో అరసికెరెకు దగ్గర. ఎనభైల్లో అక్కడ ఏ చేను చూసినా వేరుశనగే, ఏ ఇంటికి పోయినా శెనక్కాయ మాటే. ముందటేడు పండిన దాంట్లోంచి మంచి కాయలు ఏరి, సంచుల్లో పోసి, లోపలి గదిలో దాచేవాళ్లు. ముంగారు మబ్బులు, అంటే తొలకరి మబ్బులు, కనబడే కాలానికి వాటిని బయటికి తీసి చేతులతో ఒలిపించాలి. మిషనుకు వేస్తే గింజ పగులుతుంది, లేదంటే మీద ఎర్ర పొట్టు ఊడిపోతుంది. అట్లాంటి గింజ మొలవదు. అందుకని పదిమంది ఆడవాళ్లు మా ఇంటి ముందరి పడసాలలో కాళ్లు చాపుకొని కూర్చుని, వేలికొసలు వాచేదాకా ఒలిచేవాళ్లు. ఒక్కసారి ఒలిచాక ఆ గింజ ఎక్కువ కాలం ఆగదు. వాన పడాలి, భూమిలో పడాలి. పడకపోతే పురుగు పడుతుంది, ఆ ఏడు అంతే.

విత్తనం గింజ పచ్చిదే తింటే మహా రుచి. చేతి నిండా అవే ఉన్నప్పుడు ఒకటో రెండో నోట్లోకి పోకుండా ఎట్లా ఉంటాయి? మా అత్త దానికొక చట్టం తెచ్చింది. ఒలిచినంతసేపూ అందరూ మాట్లాడుతూనే ఉండాలి, లేదా పాట పాడాలి. నమిలేవాళ్లకు మాట సరిగ్గా రాదు, అదీ ఆవిడ లెక్క. ఎవరైనా కాసేపు ఊరుకుంటే చాలు, "ఏమ్మే, నోరు పడిపోయిందా?" అని గుమ్మంలోంచి గద్దించేది.

పదిమంది ఆడవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపకుండా మాట్లాడాలంటే దేవుడి సంగతులు ఎంతసేపని మాట్లాడతారు! ఎవరి కోడలు ఎవరి మీద అలిగింది, ఎవరి మొగుడు ఎక్కడ తాగి పడ్డాడు, అన్నీ అక్కడే తేలేవి. కొత్త కోడలినైన నాకు ఊరి గుట్టంతా వారం తిరక్కుండానే తెలిసిపోయింది. నిజం చెప్పాలంటే నాకు ఆ చట్టం మీద ఏ ఫిర్యాదూ లేదు.

ఒలవడానికి వచ్చేవాళ్లలో మా గోడ అవతలి ఇంటి ఆవిడ కూడా ఉండేది. వాళ్లు దూదేకులవాళ్లు. భర్త పరుపులు కుట్టడానికి హిందూపురం, బెంగళూరు అని తిరిగేవాడు. ఈమె ఇక్కడ కూలికి పోతూ ఇల్లు నడిపేది. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె మా అత్తను పెద్దమ్మా అనేది. చేయి మంచిది. ఆమె ఒలిచిన చేటలో ఒక్క పగిలిన గింజ ఉండేది కాదు. ఆ మాట మా అత్తే నాకు చెప్పింది, ఆమె వినకుండా.

రంజాను ఏటా కాస్త ముందుకు జరుగుతూ వస్తుంది కదా, ఆ ఒకటి రెండేళ్లు సరిగ్గా మా ఒలుపుల కాలంలోకి వచ్చి కూర్చుంది. మా వైపు ఎండలు ఎట్లా ఉంటాయో చెప్పక్కర్లేదు. అక్క పొద్దు పొడవక ముందే ఇంత తిని, ఇక పొద్దు మునిగేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఒలిచేది. ఆ ఉపవాసాన్నే వాళ్లు రోజా అంటారు.

మా అత్తకు ఇది సగమే అర్థమైంది. ఉపవాసమంటే ఆవిడకు తెలియనిదా? ఏకాదశి ఏకాదశికీ ఉండేది. ఆ రోజు అన్నం ముట్టేది కాదు. అటుకులు, బెల్లం, అరటిపళ్లు, పాలు, ఉడకేసిన శెనక్కాయలు మాత్రమే. ఆ పలహారం చూస్తే మిగతా రోజుల్లోనే ఆవిడ ఉపవాసం ఉంటోందేమో అని నాకు అనుమానం వచ్చేది. కాబట్టి ఉపవాసానికి శెనక్కాయ పనికొస్తుందన్నది ఆవిడ లోకజ్ఞానం.

ఒకరోజు మధ్యాహ్నం పడసాలలో మాటలు మంచి పాకాన పడ్డాయి. ఎవరో ఒకామె గురించి, ఆమె అక్కడ లేదు కాబట్టి, అందరూ తలా ఒక చెయ్యి వేస్తున్నారు. అక్క మాత్రం తల వంచుకుని ఒలుస్తోంది. మాట లేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి, శబ్దం లేకుండా.

మా అత్త కళ్లలో పడింది.

"ఏమ్మే, నీ నోట్లో ఏంది?"

అక్క తల ఎత్తింది. "ఏమీ లేదు పెద్దమ్మా."

"ఏమీ లేకుంటే నోరెందుకు ఆడతాండాది? మాటా లేదు, పాటా లేదు. తెరువు, సూస్తాను."

పడసాలంతా నిశ్శబ్దమైపోయింది. ఆ ఇంట్లో ఆ వేసవి మొత్తానికి అంత నిశ్శబ్దం అదే, చట్టానికి విరుద్ధంగా. అక్క ఒక్క క్షణం మా అత్త వైపు చూసింది. తర్వాత నోరు తెరిచింది. మా అత్త వంగి చూసింది. లోపల ఏమీ లేదు. నాలుక ఎండిపోయి తెల్లగా ఉంది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మా అత్త ఓడిపోవడం నేర్చుకున్న మనిషి కాదు.

"మింగినావేమో" అంది.

"రోజా ఉండాను పెద్దమ్మా" అంది అక్క. అంతే. ఇంకో మాట అనలేదు. నోరు మూసుకుని మళ్లీ చేటలో చెయ్యి పెట్టింది. మా అత్త నా వైపు తిరిగి, బర్రెకు కుడితి పెట్టలేదేమని నన్ను తిట్టడం మొదలుపెట్టింది. బర్రె కుడితి తాగి అప్పటికే నెమరు వేస్తోంది.

ఆ రోజు అక్క పెదాల మీద ఏం ఆడుతోందో తర్వాతెప్పుడో నేనే అడిగాను. "ఆ దేవుడి పేరేమ్మా. రహమాన్ అని, రహీమ్ అని. దయగలోడు అని అర్థం. రోజాలో ఊరోళ్ల మాటలు మాట్లాడితే ఉన్న పుణ్యం పోతాది. అందుకని ఆయన పేరు తలుచుకుంటాంటి" అంది. దయగలవాడి పేరును పట్టుకుని శెనక్కాయ అనుకుంది మా అత్త.

మరునాడు అక్క రాదని అందరం అనుకున్నాం. మా అత్త కూడా అనుకుంది. వస్తే జగడానికే వస్తుందని, ఆ జగడంలో ఏమనాలో పొద్దున్నుంచి పళ్లు తోముకుంటూ, పేడ తీస్తూ గొణుక్కుంటూ సిద్ధమైంది. అక్క వచ్చింది. "బాగుండావా పెద్దమ్మా?" అని రోజూ అడిగినట్టే అడిగి, తన చోట కూర్చుని చేట ముందుకు లాక్కుంది. మా అత్త సిద్ధం చేసుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి. ఆ రోజంతా ఆవిడ మొహం చూడాల్సిందే.

ఇంతలో ఒలిచేవాళ్లలో ఒక పెద్దావిడ పుల్ల వేసింది. "రోజా ఉన్నోళ్లు పొద్దు మునిగేటప్పుడు ఏం అడిగినా దేవుడు కాదనడంట. అందులో మనసు నొచ్చినోళ్లు అడిగితే మరీనంట" అని. ఆమె మామూలుగానే అందో, కావాలనే అందో తెలియదు. మా అత్తకు మాత్రం గింజ గొంతుకు అడ్డం పడినట్టయింది.

ఆ సాయంత్రం నుంచి మా అత్తకు కొత్త పని దొరికింది. పొద్దు వాలేసరికి దూడను కట్టేసే నెపంతో గోడ దగ్గరికి పోయేది. దూడ ఎప్పుడో కట్టేసి ఉండేది. దాన్ని విప్పి మళ్లీ కట్టేది. గోడ అవతల అక్క చాప వేసుకుని, ముందర ఒక చెంబు నీళ్లు, రెండు ఖర్జూరాలు పెట్టుకుని కూర్చునేది. మసీదు పక్క ఊర్లో. గాలి ఇటు తిరిగితే అజాన్ పిలుపు వినబడేది, లేకపోతే పొద్దు చూసుకునేది. నీళ్లు తాగే ముందు రెండు చేతులూ చాచి, కళ్లు మూసుకుని ఏదో అడిగేది. చాలాసేపు అడిగేది.

మా అత్త ఇంట్లోకి వచ్చి నా చెవిలో అంది. "ఎంతసేపు అడుగుతాదమ్మే! ఒక్క శాపానికి అంతసేపు కావల్నా?"

అట్లాంటి రోజుల్లోనే మబ్బులు మాతో ఆటలాడుకోవడం మొదలుపెట్టాయి. సాయంత్రానికి నల్లగా కమ్ముకుని వచ్చేవి. మా ఊరి గుట్ట దాకా వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు పక్కకు తిరిగి వెళ్లిపోయేవి. అరసికెరె దిక్కు మెరుపులు కనబడేవి. ఒలిచిన విత్తనం సంచుల్లో కూర్చుని చూస్తోంది. ముందటేడు కూడా పంట అంతంతే. ఈ ఏడు విత్తనమే పాడైతే కొనడానికి డబ్బు కూడా లేదు. మా మామ ఆకాశం వైపు చూసేవాడు. మా అత్త గోడ వైపు చూసేది. వాన ఆగింది తన నోటి వల్లేనని ఆవిడకు ఖాయమైపోయింది.

తప్పు సర్దుకోవడానికి మా అత్త ఎంచుకున్న దారులు ఆవిడలాగే ఉండేవి. మొదటి రోజు మధ్యాహ్నం రాగి అంబలి, మజ్జిగ కలిపి, ఉల్లిగడ్డ ముక్క పెట్టి, "పాపం ఎండలో ఉంటాది, ఇచ్చి రా" అని నన్ను పంపింది. మిట్ట మధ్యాహ్నం రోజా ఉన్న మనిషికి! అక్క నా మొహం చూసి నవ్వింది. "పొద్దు మునిగినాక తీసుకుంటాలే, ఆడ పెట్టుమ్మా" అంది. రెండో రోజు చీకటి పడ్డాక ఒక గిన్నెలో బెల్లం, నువ్వులు పెట్టి, "నేనిచ్చినానని చెప్పొద్దు" అంది. గిన్నె మీద మా అత్త పేరు చెక్కి ఉంది. అక్క ఆ గిన్నెను ఖాళీగా పంపకుండా గంజి పోసి పంపింది. మా అత్త దాని చుట్టూ రెండు సార్లు తిరిగి, వాసన చూసి, ముందు నాతో తాగించింది. నేను బతికే ఉన్నానని రూఢి చేసుకున్నాక తనూ తాగింది.

ఇంత చేసినా ఒక్క మాట మాత్రం ఆవిడ నోట్లోంచి రాలేదు. "నువ్వే పోయి తప్పైంది అని చెప్పరాదా?" అని మా మామ ఒకసారి అన్నాడు. "నేనేం చంపినానా?" అంది మా అత్త. కానీ ఆ రాత్రి అన్నం సగం వదిలేసింది. ఆవిడ అన్నం వదిలేయడం నేను అంతకు ముందు ఏకాదశి నాడు తప్ప చూడలేదు.

ఒలుపులు అయిపోయాయి. ఇక అక్క మా పడసాలకు వచ్చే పని లేదు. మా అత్త రెండు రోజులు ఓర్చుకుంది. మూడో నాటి సాయంత్రం, మబ్బు మళ్లీ గుట్ట దాకా వచ్చి తిరిగిపోయాక, కొంగు దులుపుకుని లేచింది. "రా, నాతో" అని నన్ను పిలిచింది. ఎందుకో చెప్పలేదు. సాక్షికి కాదు, ధైర్యానికి తీసుకుపోయిందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

అక్క అప్పుడే నీళ్లు తాగి చెంబు కింద పెడుతోంది. మమ్మల్ని చూసి లేచి చాప జరిపింది. మా అత్త కూర్చోలేదు.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. దినమూ చేతులు చాపి నన్ను ఏమని శపిస్తాండావు?"

అక్క నోరు తెరుచుకుని చూసింది. "శపించేదా? యా అల్లా! వాన అడుగుతాండా పెద్దమ్మా."

"ఒట్టు?"

"నీ చేన్లో పడాలని అడుగుతాండా. నీ చేను తడిస్తేనే కదా నాకు కలుపు కూలి, కాయ పీకే కూలి. నిన్ను శపిస్తే నా కడుపే మాడేది."

మా అత్త చతికిలబడింది, చాప మీద. కొంచెంసేపటికి గొంతు తగ్గించి, "మల్ల ఆ దినం నేనన్న మాటకు?" అంది.

"అదా? ఆ పొద్దే మాఫీ చేసినా. రోజా విప్పేటప్పుడు. మనిషి మనిషికి చేసిన తప్పు ఆ మనిషి వదిలేస్తేనే పోతాదంట. దేవుడు కూడా మధ్యలోకి రాడంట. నా వల్ల నీకు ఆడ, దేవుడి ముందర, ఇబ్బంది కాకూడదని వదిలేసినా."

మా అత్త మొహంలో కృతజ్ఞత వస్తుందని చూశాను. కోపం వచ్చింది. "ఆ పొద్దేనా? ఆ పొద్దే చేస్తే నాకు చెప్పొద్దా? ఇన్ని దినాలు నాకు తిండి లేదు, నిద్ర లేదు. మాఫీ చేసి గమ్మున కూర్చుంటారా ఎవరన్నా?"

"నువ్వు అడగలేదు కద పెద్దమ్మా."

నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. అక్క కూడా నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. చెంబు అంచు వేలితో రుద్దుతూ అంది.

"మాఫీ చేసినా గానీ, పెద్దమ్మా, అబద్ధం ఎందుకు చెప్పల్ల? పొద్దున లేచి నీ మొహం సూస్తానే మల్ల వస్తాది కోపం. దినమంతా ఉంటాది. సాయంత్రం మల్ల మాఫీ చేస్తా. తెల్లారితే మల్ల వస్తాది. ఈ నెలంతా ఇదే. నాకు ఆకలి కష్టం కాలేదు, దప్పిక కష్టం కాలేదు. ఇదొక్కటే కష్టమైంది."

ఆ మాటతో నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. రోజూ పొద్దున్నే "బాగుండావా పెద్దమ్మా?" అన్నప్పుడు ఆమె గొంతులో నాకు ఏమీ వినబడలేదు. ఎంత మోసుకుంటూ ఆ పలకరింపు పలికేదో అప్పుడు తెలిసి సిగ్గేసింది.

మా అత్త కొంగు కొసను వేలికి చుట్టి విప్పింది. తర్వాత, "అయితే తిట్టు నన్ను" అంది.

"ఛీ, రోజాలో తిట్టకూడదు పెద్దమ్మా. ఎవరన్నా జగడానికొచ్చినా, రోజా ఉండాను అనాల, అంతే."

"నీళ్లు తాగినావు కదా. రోజా అయిపోయింది కదా. ఇప్పుడు తిట్టు."

అక్క వద్దంది. మా అత్త పట్టు వదల్లేదు. అట్లా బతిమాలి తిట్టించుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. చివరికి అక్క మొదలుపెట్టింది, మెల్లగా. "సంతలో గొర్రెకు పండ్లు సూస్తారే, అట్ల సూస్తివి నా నోరు. పదిమంది ముందర. నీ ఇంటికి కోడలొస్తాదంటే నా చేత్తో పరుపు కుట్టి ఇస్తిని. నీ కాలు ఇరిగినప్పుడు నీళ్లు మోస్తిని. మింగినావేమో అంటివే! ఎండకు గొంతు పట్టుకుపోతే, నా ఉమ్ము నేను మింగనా వద్దా అని ఆలోచించినా ఆ దినం. నువ్వు మనిషివేనా?" అక్కడి నుంచి గొంతు పెరిగింది. తిట్లు మా అత్త పుట్టింటి దాకా వెళ్లాయి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి వచ్చాయి. తిడుతూ తిడుతూ అక్క ఏడ్చేసింది.

మా అత్త ఒక్క మాటకు కూడా ఎదురు చెప్పలేదు. ఎవరు ఒక్క పుల్లవిరుపు మాట అన్నా పడని మనిషి, తల వంచుకుని అన్నీ పడింది. అక్క ఆగాక, "అంటిని. తప్పు నాదే. మాఫీ చెయ్యి" అంది. ఆ మాట పలకడానికి ఆవిడ పడ్డ అవస్థ చూసి నాకు జాలేసింది.

"చేసినా" అంది అక్క ముక్కు తుడుచుకుంటూ.

"రేపు పొద్దున మల్ల వస్తాదా, కోపం?"

"ఏమో పెద్దమ్మా. నాకేం తెలుసు?"

మరునాడు పొద్దున్నే, నేను ఇంకా కళ్లాపి చల్లుతుండగానే, మా అత్త గోడ దగ్గరికి పోయి నిలబడింది. దూడ నెపం కూడా లేదు. "ఏమ్మే, వచ్చిందా?" అని కేకేసింది. అవతలి నుంచి అక్క చీపురు పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. మా అత్త మొహంలోకి కాసేపు చూసి, నిజాయితీగా చెప్పింది. "వచ్చింది పెద్దమ్మా. కొంచెం తక్కువ."

"సరే" అని మా అత్త ఇంట్లోకి వచ్చేసింది.

ఇక అది రోజూ చేసే పనైపోయింది. పొద్దున లేస్తూనే గోడ దగ్గరికి పోవడం, వచ్చిందా అని అడగడం. "వచ్చింది." "రవ్వంత వచ్చింది." ఒకరోజు "ఈ పొద్దు మల్ల శానా వచ్చింది పెద్దమ్మా, ఎందుకో" అంటే, మా అత్త ఆ రోజంతా దిగులుగా ఉంది. పండుగ నాడు అక్క సేమియా పాయసం తెచ్చి ఇచ్చింది. అప్పుడు కూడా మా అత్త గిన్నె అందుకుంటూ అడిగింది. వచ్చిందనే చెప్పింది అక్క.

పండుగ పోయిన కొన్నాళ్లకు వాన పడింది. గొప్ప వాన కాదు, విత్తడానికి చాలింది. సంచులు బండెక్కాయి. పురుగు పట్టక ముందే విత్తనం మట్టిలో పడింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. మా అత్త భయమంతా వాన గురించే కదా, ఇక ఆ గోడ దగ్గర కాపలా మానేస్తుందని నేను అనుకున్నాను.

మరునాడు తుంపర పడుతుండగా, గోనెసంచి తల మీద కప్పుకుని మా అత్త గోడ దగ్గరికి పోయింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"ఏమ్మే, వచ్చిందా?"

అక్క పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. మా అత్త మొహంలోకి చూసింది. ఎప్పటికంటే ఎక్కువసేపు చూసింది, వెతుకుతున్నట్టు.

"రాలేదు పెద్దమ్మా" అంది.

మా అత్త గోడ పట్టుకుని, వానలో నిలబడి, చిన్నపిల్లలా ఏడ్చింది.